ఇంటర్వ్యూ అయ్యాక అవతలివాళ్లు ఏం రాస్తారు?

"ఎన్ని కోడింగ్ ప్రాబ్లమ్స్ చేస్తే సరిపోతుంది?" సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మూడొందలా, ఐదొందలా, ఫలానావాడు వెయ్యి చేశాడట కదా అని. నా దగ్గర అంకె లేదు, అంకె చెప్పేవాళ్లని నేను పెద్దగా నమ్మను కూడా. ఇంటర్వ్యూలు ఇవ్వడం మానేసి తీసుకోవడం మొదలుపెట్టాక నాకు తెలిసొచ్చింది ఏంటంటే, మీరు ఎన్ని చేశారో కనిపించే గడి ఆ ప్రాసెస్ మొత్తంలో ఎక్కడా లేదు. చివరికి మిగిలేది, ఇంటర్వ్యూ చేసిన మనిషి కాల్ అయిపోయాక కూర్చుని రాసే ఫీడ్‌బ్యాక్.

ఇది లోపల ఎలా నడుస్తుందో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కాస్త పెద్ద కంపెనీ ఏదైనా తీసుకోండి. ముందు రిక్రూటర్ కాల్, ఆ తర్వాత ఆన్‌లైన్ టెస్టో ఫోన్ రౌండో, అది దాటితే ఒక్కోటి ముప్పావుగంటో గంటో ఉండే నాలుగైదు రౌండ్లు, వాటిలో కోడింగ్ ఉంటుంది, సిస్టమ్ డిజైన్ (ఒక పెద్ద సర్వీసుని ఎలా కడతారో చెప్పడం) ఉంటుంది, బిహేవియరల్ (పనిలో మీరెలా నడుచుకున్నారో చెప్పడం) ఉంటుంది. ప్రతి రౌండ్ తర్వాత ఇంటర్వ్యూయర్ ఒక ఫారం నింపాలి. ప్రాబ్లమ్‌ని ఎలా విడగొట్టారు, కోడ్ ఎలా ఉంది, తమ కోడ్‌ని తామే టెస్ట్ చేసుకున్నారా, ఏం ఆలోచిస్తున్నారో చెప్పగలిగారా, ఇలా విడివిడిగా ఉంటాయి గళ్లు. చివర్లో హైర్ లేదా నో హైర్, దాని ముందు "స్ట్రాంగ్" అనో "లీన్" (అంటే కాస్త అటు మొగ్గు) అనో ఒక ముక్క. ఆ తర్వాత ఈ ఫారాలన్నీ ముందేసుకుని చర్చిస్తారు. గూగుల్ లాంటి చోట హైరింగ్ కమిటీ అని వేరే ఉంటుంది, అందులో కూర్చునేవాళ్లు మిమ్మల్ని అసలు చూసి ఉండరు, మీ గొంతు విని ఉండరు. వాళ్లకి మీరంటే ఆ రాతలే.

కాబట్టి మీరు మనసులో ఎంత గొప్పగా ఆలోచించినా, అవతలి మనిషికి రాసుకోవడానికి ఏమీ ఇవ్వకపోతే అది జరగనట్టే లెక్క. నేను చెప్పే సలహాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి, నచ్చకపోతే ఇక్కడే ఆపేయొచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చాలాచోట్ల అడిగి అడిగి అరిగిపోయిన ప్రశ్నే: మీటింగ్‌ల మొదలు, ముగింపు టైమ్‌లు ఇస్తారు, అన్నీ జరగాలంటే కనీసం ఎన్ని రూములు కావాలో చెప్పాలి. ఇది విన్నవెంటనే చాలామంది ఏం చేస్తారంటే, ఎప్పుడో చేసిన ప్రాబ్లమ్ కదా అని లోపల సంబరపడి, పైకి మాత్రం ఒక్క ముక్క మాట్లాడకుండా టకటకా టైప్ చేయడం మొదలుపెడతారు. కోడ్ కరెక్టే వస్తుంది. నేను రాసేది మాత్రం "సరైన కోడ్ రాశారు, ప్రాబ్లమ్ ముందే తెలిసినట్టుంది, ఎలా ఆలోచిస్తారో తెలుసుకోలేకపోయాను" అని. ఇది పాసా ఫెయిలా అంటే, మిగతా రౌండ్లు ఎలా పోయాయో దాని మీద ఆధారపడుతుంది, అంటే మీ చేతిలో లేదు.

ఇంకొకరు ఉంటారు. కోడ్ జోలికి పోకముందు ఒక ప్రశ్న అడుగుతారు: "ఒక మీటింగ్ 10కి అయిపోయి, ఇంకోటి 10కే మొదలైతే అదే రూమ్ వాడుకోవచ్చా?" చూడటానికి చిన్న ప్రశ్న. కానీ 9 నుంచి 10, 9:30 నుంచి 11, 10 నుంచి 12 అని మూడు మీటింగ్‌లు ఉన్నాయనుకోండి, వాడుకోవచ్చంటే జవాబు 2, వాడుకోకూడదంటే జవాబు 3. కోడ్‌లో తేడా అల్లా ఒక్క "సమానం" గుర్తు. ఆ ప్రశ్న అడిగిన మనిషి గురించి నేను "ముందే సరిహద్దు కేసు పట్టుకున్నారు" అని రాసుకుంటాను, ఇంకా ఒక్క లైన్ కోడ్ కూడా రాయకముందే.

తర్వాత వాళ్లు తేలిక దారి చెప్తారు: ప్రతి మీటింగ్ మొదలయ్యే క్షణంలో ఎన్ని మీటింగ్‌లు నడుస్తున్నాయో లెక్కపెడితే, వాటిలో పెద్ద సంఖ్యే జవాబు, కానీ ఇది ఎన్ స్క్వేర్ అవుతుంది, అంటే ఎన్ మీటింగ్‌లుంటే ఎన్‌ని ఎన్‌తో గుణించినంత పని. ఇన్‌పుట్ ఎంత పెద్దది ఉండొచ్చు అని అడుగుతారు. లక్ష అంటాను. లక్షకి ఎన్ స్క్వేర్ అంటే వెయ్యి కోట్ల ఆపరేషన్లు, కుదరదు, సార్ట్ చేసుకుందాం అంటారు. మొదలయ్యే టైమ్ ప్రకారం సార్ట్ చేసి, నడుస్తున్న మీటింగ్‌ల ముగింపు టైమ్‌లని ఒక మిన్ హీప్‌లో (అన్నిటికంటే చిన్నది ఎప్పుడూ పైనే దొరికే అమరిక) పెట్టుకుని, కొత్త మీటింగ్ వచ్చినప్పుడల్లా అన్నిటికంటే ముందు అయిపోయేది అయిపోయిందా లేదా చూసుకుంటే సరి. అయిపోతే దాన్ని తీసేసి కొత్తదాని ముగింపు పెట్టడం, కాకపోతే కొత్తది కలపడం, చివరికి హీప్‌లో ఎన్నుంటే అన్ని రూములు. పని ఎన్ లాగ్ ఎన్, ఎన్ స్క్వేర్ కంటే చాలా తక్కువ. ఇప్పుడు కోడ్ రాస్తారు, రాశాక నేను అడగకుండానే ఆ మూడు మీటింగ్‌లనీ తీసుకుని లైన్ లైన్ నడిపించి చూపిస్తారు, ఖాళీ లిస్ట్ ఇస్తే ఏమవుతుందో కూడా చెప్తారు.

ఇద్దరూ రాసింది అదే కోడ్. రెండో మనిషి గురించి మాత్రం నేను అరపేజీ రాయగలను. కమిటీలో ఎవరైనా "ఈ మనిషి ఎలా ఆలోచిస్తారు" అని అడిగితే ఆ అరపేజీయే సమాధానం చెప్తుంది.

సరే, దీనికి ప్రిపేర్ అవ్వడం ఎలా? ఇక్కడే మనలో చాలామంది తప్పుదారి పడతారనిపిస్తుంది. ఇంట్లో ఒంటరిగా, నిశ్శబ్దంగా, రన్ బటన్ పదిసార్లు నొక్కుతూ, తప్పొస్తే టెస్ట్ కేస్ చూసి సరిచేసుకుంటూ నెలల తరబడి ప్రాక్టీస్ చేసి, చివరికి ఎవరో చూస్తుండగా, మాట్లాడుతూ, కొన్నిచోట్ల రన్ బటనే లేని ఎడిటర్‌లో రాయమంటే చేతులెత్తేస్తారు. చేసిన ప్రాక్టీస్‌కీ, రాయాల్సిన పరీక్షకీ పొంతన లేదు మరి.

ఒకరు చూస్తుండటం అనేది ఎంత తేడా తెస్తుందో కొలిచిన వాళ్లున్నారు. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకి కోడింగ్ ప్రశ్న ఇచ్చారు. కొందరు మామూలు ఇంటర్వ్యూలోలాగా ఒక మనిషి ముందు నిలబడి మాట్లాడుతూ బోర్డు మీద చేయాలి, మిగతావాళ్లు గదిలో ఒంటరిగా చేసుకోవచ్చు. మనిషి ముందు చేసినవాళ్ల పెర్ఫార్మెన్స్ సగానికంటే కిందికి పడిపోయింది. ఇంటర్వ్యూల పద్ధతే సరిగ్గా లేదని చెప్పడానికి ఈ స్టడీని వాడతారు, అది నిజమే కూడా, కానీ పద్ధతి మారేదాకా మనం ఆగలేం కదా. నాకు ఇందులో కనిపించేది వేరే: టెన్షన్ పడటం మీ ఒక్కరి బలహీనత కాదు, ఎవరికైనా అంతే, కాబట్టి దానికి కూడా ప్రాక్టీస్ కావాలి.

మాక్ ఇంటర్వ్యూలు, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూలు, అంటే అందరూ తలూపుతారు, చేసేవాళ్లు తక్కువ. సిగ్గు, అంతే. తెలిసినవాళ్ల ముందు తడబడితే ఏమనుకుంటారో అని. ఎవరూ దొరక్కపోతే ఫోన్‌లో మీ వాయిస్ రికార్డు చేసుకుంటూ ఒక ప్రాబ్లమ్ చేయండి, తర్వాత వినండి. వినడం నరకంలా ఉంటుంది, ముందే చెప్తున్నా. కానీ ఎక్కడ మూడు నిమిషాలు మాట లేకుండా ఉండిపోయారో, ఎక్కడ "అదేంటంటే, అంటే, ఆ..." అని నసిగారో, ఏ చోట అసలు మీకే అర్థం కాకుండా ముందుకెళ్లిపోయారో అన్నీ దొరికిపోతాయి. స్నేహితులు దొరికితే ఇంకా మంచిది, అయితే ఒక షరతు: మీరు కూడా వాళ్లని ఇంటర్వ్యూ చేయాలి, చేసి కాగితం మీద ఫీడ్‌బ్యాక్ రాయాలి. ఒకసారి ఆ కాగితం రాసి చూస్తే, అవతలి మనిషి మౌనంగా ఉన్నప్పుడు రాయడానికి ఏమీ దొరక్క ఎంత ఇబ్బందో అనుభవంలోకి వస్తుంది. నేను ఎంత చెప్పినా రానంత బాగా వస్తుంది.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పేవాళ్లకి (నేనూ అంతే) ఇంకో చిక్కు ఉంది. కోడ్ గురించి ఆలోచించడం ఒక పని, దాన్ని ఇంకో భాషలో చెప్పడం ఇంకో పని, రెండూ ఒకేసారి చేయాలంటే బుర్ర వేడెక్కుతుంది. పెద్ద పెద్ద వాక్యాలు వద్దు. "ముందు తేలిక పద్ధతి చెప్తాను", "ఇక్కడ ఇంత టైమ్ పడుతుంది, ఎందుకంటే", "ఒక నిమిషం ఆలోచించుకుంటాను", "నా కోడ్‌ని ఒక ఉదాహరణతో నడిపి చూపిస్తాను" లాంటి పొట్టి వాక్యాలు ఓ పది ఇంగ్లీషులో నోటికి అలవాటు చేసుకుంటే, మిగతా బుర్రంతా ప్రాబ్లమ్ మీదే పెట్టొచ్చు. గ్రామర్ తప్పుకి నేనెప్పుడూ మార్కులు తీసేయలేదు, తీసేసేవాళ్లు ఉంటే అలాంటి చోట చేరకపోవడమే నయం. ఇంకో మాట, నిరంతరం వాగుతూనే ఉండక్కర్లేదు. ఒక నిమిషం ఆలోచించుకుంటానని చెప్పి ఆలోచించుకుంటే అది మౌనం కింద లెక్క రాదు.

ఇక ప్రాబ్లమ్స్ సంగతి. చేయకుండా కుదరదు, అది వేరే చెప్పాలా. బ్లైండ్ 75 అని ఇంటర్నెట్‌లో తిరిగే లిస్ట్ ఒకటి ఉంది, 75 ప్రశ్నలు, మొదలుపెట్టడానికి చక్కగా ఉంటుంది: అర్రేలు, స్ట్రింగ్‌లు, ట్రీలు, గ్రాఫ్‌లు, డైనమిక్ ప్రోగ్రామింగ్ అన్నిట్లో కొన్ని కొన్ని ఉంటాయి. కానీ జనం చేసే పనేంటంటే, ప్రాబ్లమ్ రాకపోతే సొల్యూషన్ వీడియో చూసి, "ఓహో ఇంతేనా" అనుకుని, టిక్ పెట్టేసి ముందుకెళ్లిపోతారు. ఆ "ఇంతేనా" అన్నది పెద్ద మోసం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. పాఠం ఒకసారి చదివాక కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, వారం తర్వాత పెడితే మాత్రం పుస్తకం మూసి రాసినవాళ్లు ముందున్నారు. వీడియో చూసి టిక్ పెట్టడం సరిగ్గా ఆ మళ్లీ చదవడం లాంటిదే, ఆ రోజుకి వచ్చినట్టే ఉంటుంది. అందుకని సొల్యూషన్ చూసిన ప్రతి ప్రాబ్లమ్‌నీ రెండు మూడు రోజులాగి ఖాళీ ఎడిటర్‌లో మొదటి నుంచి రాయండి, రాకపోతే మళ్లీ వారానికి. కొత్తవి యాభై చేసేకంటే పాతవి పాతిక ఇలా తిప్పి చేయడం మేలని నా లెక్క. కొత్త ప్రాబ్లమ్ మీద ఎంతసేపు తల బద్దలు కొట్టుకోవాలి అంటే, అరగంట దాటాక కూడా కొత్త ఆలోచన ఏదీ రాకపోతే చూసేయండి, ఇందులో పౌరుషానికి పోయి లాభం లేదు.

ఇన్‌పుట్ సైజు చూసి అల్గారిథమ్ ఊహించడం కూడా అలవాటు కావాలి. సెకనుకి సుమారు 10 కోట్ల చిన్న ఆపరేషన్లు అనుకోండి, ఇది బండ లెక్కే. ఎన్ 20 లోపు ఉంటే అన్ని సబ్‌సెట్‌లూ చూసేయొచ్చు, 2 పవర్ 20 అంటే పదిన్నర లక్షల దాకానే. ఎన్ లక్ష అయితే ఎన్ స్క్వేర్ పనికిరాదు, ఎన్ లాగ్ ఎన్ అయితే 17 లక్షలే, ధీమాగా రాసుకోవచ్చు. ఇదే లెక్క ఇంటర్వ్యూలో పైకి అన్నారనుకోండి, అవతలి మనిషి పెన్ను కదులుతుంది.

భాష ఏదైనా పర్లేదు, కానీ మీరు వాడే లైబ్రరీ లోపల ఏం జరుగుతుందో తెలిసుండాలి. పైథాన్‌లో లిస్ట్‌ని క్యూలా వాడి మొదటి ఎలిమెంట్ తీస్తూ బీఎఫ్ఎస్ (గ్రాఫ్‌ని దగ్గరవాటి నుంచి దూరంవాటికి వరసగా చూసే పద్ధతి) రాసేవాళ్లు ఎంతమందో. తీసిన ప్రతిసారీ మిగతావన్నీ ఒక్కో గడి ముందుకి జరగాలి, అది ఓ ఆఫ్ ఎన్, అంటే లిస్ట్ ఎంత పెద్దదైతే అంత పని, దానికోసమే రెండు చివర్ల నుంచీ చకచకా తీయగలిగే డెక్ ఉంది. హ్యాష్ మ్యాప్‌లో (కీ ఇస్తే విలువ ఇచ్చే పట్టిక) వెతకడం ఓ ఆఫ్ వన్, అంటే సైజు ఎంతైనా ఒకే పని అంటారు అందరూ, అది సగటున, కీలన్నీ లోపల ఒకే బకెట్‌లో (ఒకే అరలో) పడితే అలా ఉండదు, అందుకే జావా 8 నుంచి బకెట్ పెద్దదైతే లోపల దాన్ని ట్రీగా మార్చేస్తారు. ఇవన్నీ కంఠతా పట్టమని కాదు, "సగటున" అన్న ఒక్క మాట కలిపితే చాలు, ఈ మనిషికి తెలుసు అని అర్థమవుతుంది.

బైనరీ సెర్చ్ గురించి ఒక చిన్న కథ చెప్పకుండా ఉండలేను. మధ్య ఇండెక్స్ కోసం లెఫ్ట్, రైట్ కూడి రెండుతో భాగిస్తాం కదా. జావా లైబ్రరీలో కూడా అలాగే రాశారు, దాదాపు తొమ్మిదేళ్లు అలాగే ఉంది. అర్రే చాలా పెద్దదైతే ఆ కూడిక 32 బిట్ల పరిమితి, అంటే 214 కోట్ల చిల్లర, దాటి నెగెటివ్ అయిపోతుంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ తానే 2006లో దీన్ని అందరికీ వివరంగా రాసి చెప్పాడు. లెఫ్ట్‌కి, రైట్ మైనస్ లెఫ్ట్‌లో సగం కలిపితే ఆ బాధ లేదు. పేరున్న ఇంజినీర్లే అన్నేళ్లు గమనించని తప్పు మీరు 45 నిమిషాల్లో చేస్తే కొంపేం మునగదు, అది ఎత్తి చూపితే వెంటనే అర్థం చేసుకుని సరిచేస్తారా, లేక నా కోడ్ కరెక్టే అని వాదిస్తారా అన్నదే నేను చూసేది. హింట్ ఇచ్చినప్పుడు కూడా అంతే. హింట్ ఇచ్చారంటే పోయిందని డీలా పడిపోతారు కొందరు. హింట్ తీసుకుని ముందుకి పరిగెత్తినవాళ్లకి నేను చాలాసార్లు హైర్ రాశాను.

సిస్టమ్ డిజైన్ రౌండ్ అనుభవం ఉన్నవాళ్లకే ఎక్కువగా ఉంటుంది, ఫ్రెషర్లు దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఇక్కడ నాకు విసుగు తెప్పించేది ఒకటుంది: ప్రశ్న పూర్తికాకముందే లోడ్ బ్యాలెన్సర్, కాఫ్కా, రెడిస్, ఇరవై మైక్రోసర్వీసులు, ఇలా భారీ సిస్టమ్‌ల సరంజామా అంతా బోర్డు మీద గీసేయడం. ఎవరి కోసం? ఎంత ట్రాఫిక్ కోసం? రోజుకి 86,400 సెకన్లు, లెక్క తేలిక కోసం లక్ష అనుకోండి. రోజుకి కోటి రిక్వెస్ట్‌లు వస్తాయంటే సెకనుకి వంద, రద్దీ టైమ్‌లో మూడు నాలుగొందలు. దానికి ఒక మామూలు సర్వరు, ఒక డేటాబేస్, అది పడిపోతే ఇంకోటి, ఇంతే చాలని ధైర్యంగా చెప్పినవాళ్లంటే నాకు గౌరవం.

లింకులు పొట్టి చేసే సర్వీస్ డిజైన్ చేయమన్నారనుకోండి. ఇంగ్లీషు చిన్న అక్షరాలు 26, పెద్దవి 26, అంకెలు 10, మొత్తం 62. ఏడు అక్షరాల కోడ్ పెట్టుకుంటే 62 పవర్ 7, సుమారు మూడున్నర లక్షల కోట్ల లింకులు, ఇక అయిపోతాయన్న దిగులు అక్కర్లేదు. ఆ తర్వాత అసలు మజా: పొట్టి లింకు నొక్కినవాళ్లని అసలు పేజీకి మళ్లించే రీడైరెక్ట్ 301 పంపాలా, 302 పంపాలా? 301 అంటే శాశ్వతం, బ్రౌజర్ గుర్తుపెట్టుకుని రెండోసారి మీ సర్వర్‌కి రాకుండానే వెళ్లిపోవచ్చు, సర్వర్ మీద లోడ్ తగ్గుతుంది కానీ ఎన్ని క్లిక్కులొచ్చాయో లెక్క తప్పుతుంది. 302 అయితే మామూలుగా ప్రతిసారీ మీ దగ్గరికే వస్తుంది. ఏది కావాలి అన్నది క్లిక్కుల లెక్క ఎంత ముఖ్యమో దాన్నిబట్టి ఉంటుంది, కాబట్టి అడగాలి. ఇలాంటి ఒక్క చోట ఆగి, ఇటు ఇది లాభం అటు అది నష్టం, నేనైతే ఇది ఎంచుకుంటా, ఎందుకంటే, అని చెప్తే ఇరవై డబ్బాలు గీసినదానికంటే ఎక్కువ.

క్యాప్ థీరమ్ పేరు కూడా ఊరికే వాడేస్తుంటారు, డేటా అన్నిచోట్లా ఒకేలా ఉండటం, ఎప్పుడూ జవాబు ఇవ్వగలగడం, నెట్‌వర్క్ తెగినా నడవడం, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి అని. ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పిన మాట, రెండేళ్లకి గిల్బర్ట్, లించ్ నిరూపించారు. కానీ నెట్‌వర్క్ తెగిపోవడం మన ఎంపిక కాదు కదా, అది తెగుతుంది. తెగినప్పుడు యూజర్‌కి పాత డేటా చూపిస్తారా, లేక కాసేపాగి రండి అంటారా, ఇదీ ప్రశ్న. లైకుల లెక్క పాతదైతే ఎవరికీ పట్టదు, బ్యాంకు బ్యాలెన్స్ పాతదైతే ఊరుకోరు. థీరమ్ పేరు చెప్పకుండా ఈ ముక్క చెప్పినా నాకు చాలు.

బిహేవియరల్ రౌండ్‌ని మాటల రౌండ్ అని తేలిగ్గా తీసుకుంటారు. సీనియర్ ఉద్యోగాలకి ఎక్కువమంది జారిపోయేది ఇక్కడేనని నా అనుమానం. సందర్భం, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం అనే వరసలో చెప్పమని అందరూ అంటారు, స్టార్ పద్ధతి, మంచిదే. కానీ మనవాళ్లు చేసే పని, వినయం కొద్దీ కావచ్చు, అంతా "మేము" అని చెప్పడం. మేము డేటాబేస్ మార్చాం, మేము పెర్ఫార్మెన్స్ పెంచాం. ఫారంలో నేను "మేము" గురించి ఏం రాయను? ఆ టీమ్ మొత్తాన్ని తీసుకోలేం కదా. అందులో మీరు రాసింది ఏ భాగం, ఏ నిర్ణయం మీది, ఎవరు ఒప్పుకోలేదు, వాళ్లని ఎలా ఒప్పించారు లేదా మీరెలా ఒప్పుకున్నారు, చివరికి ఎంత తేడా వచ్చింది. మీ పనిలోంచి ఐదారు సంఘటనలు ఎంచుకుని, ఒక్కోటి రెండు మూడు నిమిషాల్లో చెప్పేలా సిద్ధం చేసుకుంటే చాలా ప్రశ్నలకి అవే సరిపోతాయి. అమెజాన్‌కి వెళ్తుంటే వాళ్ల 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ వాళ్ల సైట్‌లోనే ఉన్నాయి, ప్రశ్నలు వాటి చుట్టూనే తిరుగుతాయి, చదవకుండా వెళ్లడం అన్యాయం. గొడవ గురించి అడిగినప్పుడు మాత్రం అవతలివాణ్ణి రాక్షసుణ్ణి చేసి చెప్పకండి, వాళ్ల వైపు కారణం కూడా ఒక వాక్యంలో చెప్పగలిగితే మీ మాటకి బరువొస్తుంది.

రెజ్యూమె గురించి ఒక్కటే: అందులో ఉన్న ప్రతి లైనూ ఒక ప్రశ్నే. రెండు రోజులు ముట్టుకున్న టెక్నాలజీ పేరు రాసుంటే, నేను దాని గురించే అడుగుతాను, కావాలని కాదు, కంటికి అదే తగులుతుంది. తీసేయండి.

ఏఐ సంగతి కూడా అడుగుతున్నారు. కొన్ని కంపెనీలు ఇంటర్వ్యూలోనే ఏఐ టూల్ వాడనిస్తున్నాయి, కొన్ని దీనికి భయపడే మళ్లీ మనుషుల్ని ఆఫీసుకి పిలిపించుకుంటున్నాయి. ఏ పద్ధతో ముందే రిక్రూటర్‌ని అడగండి, అందులో నామోషీ లేదు. వద్దన్నచోట పక్క స్క్రీన్‌లో పెట్టుకుని చదివేవాళ్లు దొరికిపోయేది కళ్ల కదలికతో కాదు, "ఈ లైను ఎందుకు?" అని ఒక్కసారి అడిగితే. ప్రిపరేషన్‌లో మాత్రం వాడండి, సొల్యూషన్ అడక్కుండా ఇంటర్వ్యూయర్‌లా నన్ను ప్రశ్నించు అనండి, మీరు రాసిన కోడ్‌లో విరిగే టెస్ట్ కేస్ ఒకటి చూపించమనండి. ఆ పని బాగా చేస్తుంది.

విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి టైపు పజిల్స్ కోసం మాత్రం టైమ్ పెట్టకండి. అవన్నీ శుద్ధ దండగ అని 2013లోనే గూగుల్‌లో హెచ్‌ఆర్ చూసే లాస్లో బాక్ బయటికి చెప్పేశాడు.

ఇంత చేసినా రిజెక్ట్ అవ్వొచ్చు. 2015లో మ్యాక్స్ హోవెల్ పెట్టిన ట్వీట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మ్యాక్ వాడే డెవలపర్లలో చాలామంది కంప్యూటర్లలో ఉండే హోమ్‌బ్రూ (సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసుకునే టూల్) అతను మొదలుపెట్టిందే. గూగుల్ వాళ్లు, మా ఇంజినీర్లలో 90 శాతం నువ్వు రాసిన సాఫ్ట్‌వేర్ వాడతారు కానీ బోర్డు మీద బైనరీ ట్రీని తిరగేయలేకపోయావు కాబట్టి వద్దన్నారు అని రాశాడు. దాని మీద పెద్ద రచ్చే జరిగింది, ఎవరి పక్షం వాళ్లు తీసుకున్నారు. నేను ఏ పక్షమూ కాదు, ఆ ప్రశ్న అంత కష్టమైందీ కాదు, అతను అంత చేతకానివాడూ కాదు. ఒక్క గంటలో మనిషిని అంచనా వేసే పద్ధతిలో ఇలాంటివి జరుగుతుంటాయి. ఎందుకు వద్దన్నారో చాలా కంపెనీలు చెప్పవు, ఆ ఫారం మీకు చూపించరు. అందుకని కాల్ అయిన పది నిమిషాల్లో మీ ఫారం మీరే రాసుకోండి: ఏం అడిగారు, ఎక్కడ ఆగిపోయారు, ఏ హింట్ ఇచ్చారు, నేనే ఇంటర్వ్యూయర్ అయితే ఏ గడిలో ఏం రాసేవాణ్ణి. రేపు రాద్దాం అంటే సగం మరిచిపోతారు. చాలాచోట్ల కొన్ని నెలల నుంచి ఏడాది లోపు మళ్లీ అప్లై చేసుకోనిస్తారు, అప్పటికి ఈ కాగితం పనికొస్తుంది.

ఇక చివరి ఐదు నిమిషాలు, "మీకేమైనా ప్రశ్నలున్నాయా?" అన్నప్పుడు. లేవండీ అనేయకండి. నాకు నచ్చిన ప్రశ్నలు కొన్ని: కోడ్ రాశాక ప్రొడక్షన్‌లోకి వెళ్లడానికి మామూలుగా ఎంత టైమ్ పడుతుంది, రాత్రిపూట ఏదైనా పడిపోతే ఎవరికి ఫోన్ వస్తుంది, వచ్చిన మనిషికి మర్నాడు సెలవిస్తారా, ఈ పోస్టు కొత్తదా, లేక ఎవరో వెళ్లిపోతే ఖాళీ అయిందా. ఆఖరిదానికి అవతలి మనిషి కాస్త తటపటాయిస్తే, అది మీరు మీ కాగితం మీద రాసుకోండి.